వారానికి నూట యాభై తలుపులు

సర్క్యులర్ నంబరు నలభై ఒకటి వచ్చిన రోజు బొంతా ఏలీషా మీసం గడ్డకట్టి ఉంది. మంగోలియాలో, ఖర్‌బులాగ్ అనే ఆ చిన్న ఊళ్లో, నవంబరు ఉదయం పాలకోసం బయటికెళ్లి వచ్చిన ఏ మీసానికైనా పట్టే గతి అదే. పొయ్యి ముందు కూర్చుని మీసం కరిగించుకుంటూ అతను ఫోన్లో సర్క్యులర్ చదివాడు.

"ఇందుమూలముగా యావన్మంది క్షేత్రసేవకులకు తెలియజేయునది ఏమనగా, ఇకమీదట సేవకు ప్రమాణము తలుపు. కొలతకు రానిది సేవగా పరిగణింపబడదు."

ఏలీషా ఊరు వేటపాలెం. వయసు పాతికేళ్లు. దిగంత సువార్త సేవా సంఘం అతన్ని రెండేళ్ల పనిమీద ఇక్కడికి పంపి మూడు నెలలైంది. ఈ మూడు నెలల్లో అతను చేసిందల్లా భాష నేర్చుకోవడం, సాయంత్రాలు బడిలో ఇంగ్లీషు చెప్పడం, ప్రతి శనివారం హైదరాబాదులోని కేంద్ర కార్యాలయానికి "దేవుని కృపవల్ల ఇక్కడ బాగానే ఉంది" అని రాయడం. ఈ "బాగానే ఉంది"తోనే పేచీ వచ్చింది. సంఘం డైరెక్టరు రెవరెండ్ డాక్టర్ ఆశీర్వాదం అయ్యగారు ఈమధ్య ఒక రిసార్టులో మూడు రోజుల మేనేజ్‌మెంట్ శిక్షణకు వెళ్లొచ్చారు. వెళ్లేటప్పుడు మామూలు మనిషిగానే వెళ్లారట. వచ్చేటప్పుడు మాత్రం చేతిలో గ్రాఫు కాగితాలున్నాయి. "బాగానే ఉంది" అన్నదాన్ని గ్రాఫు మీద ఎక్కడ పెట్టాలో ఆయనకు అంతుబట్టలేదు.

అందుకని తలుపు. ఒక్కో సేవకుడు వారానికి నూట యాభై తలుపులు తట్టాలి. తట్టిన తలుపే నెల తిరక్కుండా మళ్లీ తడితే లెక్కకు రాదు. నిబంధన ఒకటి: మూడుసార్లు తట్టవలెను. రెండు: ముప్ఫై సెకన్లు వేచి ఉండవలెను. మూడు: గొంతు పెంచరాదు. నాలుగు: పిలువని ఇంట అడుగు పెట్టరాదు, పెట్టినచో తక్షణము స్వదేశమునకు. అయిదు: ఇంటివారు బయటకు వచ్చినచో ఏడు సెకన్ల వాక్యము చెప్పి, కరపత్రమిచ్చి, నలభై సెకన్లలో తదుపరి తలుపునకు పోవలెను. ఆ ఏడు సెకన్ల వాక్యాన్ని కూడా కార్యాలయమే తయారుచేసి పంపింది: "మీకొక శుభవార్త ఉన్నది, వివరములకు కరపత్రము చూడగలరు."

మూడు నెలలు వరుసగా లెక్క తగ్గితే సేవకుణ్ణి వెనక్కి పిలిపించి, "ఇతనికి దేవుని పిలుపు లేదు" అని కాగితం చేతిలో పెడతారు.

ఆ మాట దగ్గర ఏలీషా కళ్ల ముందు మెదిలింది తన ఆత్మీయ భవిష్యత్తు అయితే చెప్పుకోవడానికి గౌరవంగా ఉండేది. మెదిలింది ఫ్లెక్సీ. వేటపాలెం సెంటర్లో సంఘపెద్దలు కట్టించిన పన్నెండడుగుల ఫ్లెక్సీ. "మంగోలియా దేశమునకు పంపబడుచున్న దైవజనులు" అని, కింద చేతులు జోడించిన ఏలీషా, వెనక ముందుకాళ్లు ఎత్తిన తెల్లగుర్రం. అతను జన్మలో గుర్రమెక్కలేదు. కిందటి ఆదివారమే అమ్మ మార్తమ్మ ఫోన్లో చెప్పింది.

"నీ బొమ్మ ఇంకా దించలేదురా అబ్బాయ్. వానకి గుర్రం వెలిసిపోయింది గానీ నువ్వు బానే ఉండావు. బస్సు దిగినోళ్లంతా నిన్నే చూస్తన్నారు."

ఆ బస్సే దిగి, ఆ బొమ్మ కిందనుంచే నడిచి ఇంటికి వెళ్లాలి. మంగోలియా వెళ్లినవాడు తలుపులు తట్టలేక తిరిగొచ్చాడంటే చీరాల దాకా నవ్వుతారు. ఏలీషా మీసం తుడుచుకుని, కరపత్రాలు సంచిలో వేసుకుని బయల్దేరాడు.

అసలు చిక్కు మొదటి తలుపు దగ్గరే ఎదురైంది. ఆ దేశంలో తలుపు తట్టరు. గొర్రె ఉన్నితో చేసిన మందపాటి గుడారాల్లో ఉంటారు; ఆ గుడారాన్ని గెర్ అంటారు. దానికి దక్షిణం వైపు నారింజరంగు చెక్కతలుపు ఒకటుంటుంది, పొట్టిగా. వచ్చినవాడు దూరంనుంచే "కుక్కను పట్టుకోండీ!" అని ఒక కేక వేసి, గడప తొక్కకుండా తలవంచి లోపలికి నడుస్తాడు. కుక్క లేకపోయినా కేక అదే. ఎవరూ రమ్మనరు, ఎందుకంటే రావద్దనే ప్రశ్నే లేదు. వచ్చినవాడికి ఉప్పేసిన పాలటీ గిన్నెతో అందిస్తారు, ఆ తర్వాత తీరిగ్గా నువ్వెవరని అడుగుతారు.

ఇలాంటి ఊళ్లో ఏలీషా నిబంధన ప్రకారం తట్టి, గొంతు పెంచకుండా, ముప్ఫై సెకన్లు నిలబడ్డాడు. లోపలివాళ్లు మేక కొమ్ములు రుద్దుకుంటోందనుకున్నారు. కుక్కలు మాత్రం స్పందించాయి. మొదటి రోజు ఇరవై రెండు తలుపులు, రెండు పిక్కలు.

ఊరికి ఆ చివర, అరగంట నడకలో కొండవాలున ఒక్కటే గెర్ ఉంది. అందులో దుల్మా అవ్వ ఉంటుంది. డెబ్భై దాటిన మనిషి. భర్త పోయాడు, అరవై గొర్రెలున్నాయి, అర్స్‌లాన్ అనే దున్నపోతంత కుక్క ఉంది. ఏలీషా తట్టగానే ఆమె నిజంగానే బయటికి వచ్చింది.

"ఎందుకు నాయనా దాన్ని కొడుతున్నావు? ఏం చేసింది నిన్ను?"

ఏలీషా ఏడు సెకన్ల వాక్యం చెప్పాడు. మంగోలు భాషలో అది పదకొండు సెకన్లు పట్టింది. ఆమె ఓపిగ్గా విని, కరపత్రం కుడిచేత్తో అందుకుని, టీ తెస్తానంటూ లోపలికి వెళ్లింది. నలభై సెకన్లు అయిపోయాయి. ఆమె గిన్నె పట్టుకుని బయటికి వచ్చేసరికి ఏలీషా వాలు దిగిపోతున్నాడు. వెనక్కి తిరిగి చూస్తే ఆమె అలాగే నిలబడి ఉంది, గిన్నెలోంచి ఆవిరి పోతోంది. అతనికి సిగ్గేసింది. అయినా ఆగలేదు, ఎందుకంటే అప్పటికింకా పద్దెనిమిదే అయ్యాయి.

ఖర్‌బులాగ్‌లో మొత్తం తలుపులు రెండువందల పన్నెండు. రెండో వారం మంగళవారానికల్లా అయిపోయాయి. నెల తిరగాలంటే ఇంకా పద్దెనిమిది రోజులుంది. ఏలీషా కార్యాలయానికి రాశాడు: "ఇక్కడివారు గడ్డి కోసం గెర్ విప్పుకుని వేరే చోట వేసుకుంటారు. అదే తలుపు కొత్త చోట ఉంటే కొత్త తలుపా, పాత తలుపా?"

ప్రశ్న కార్యాలయంలో గొప్ప కదలిక తెచ్చింది. ముగ్గురు సభ్యులతో ద్వార నిర్వచన ఉపసంఘం వేశారు. తొమ్మిది రోజుల తర్వాత జవాబు వచ్చింది: "తలుపు అనగా చెక్క కాదు, స్థలము. కావున స్థలము మారిన తలుపు నూతన ద్వారముగా గణింపదగును. అయితే సేవకుడు ఎవరినీ ఇల్లు మారమని ప్రోత్సహింపరాదు."

ఏలీషా ఎవర్నీ ప్రోత్సహించలేదు. కాకపోతే ఎవరైనా గెర్ విప్పుతున్నారని తెలిస్తే మాత్రం పరుగెత్తుకెళ్లి సామాను మోసేవాడు. ఎంత మంచి కుర్రాడో అని ఊరు మెచ్చుకుంది. సామాను దింపి, తలుపు నిలబెట్టగానే ఇతను బయటికెళ్లి దాన్ని మూడుసార్లు తట్టి వెళ్లిపోయేవాడు. వాళ్ల దేశంలో కొత్తింటికి దిష్టి తీయడం కాబోలని వాళ్లనుకున్నారు.

ఎంత మోసినా వారానికి అరవై దాటలేదు. అటు రాజధానిలో ఉన్న తోటి సేవకుడు, నూజివీడు జెఫన్యా, వారానికి పద్నాలుగు వందలు చేస్తున్నాడు. రహస్యమేమిటని ఏలీషా ఫోన్ చేశాడు.

"రహస్యం ఏముంది బ్రదర్? ఇక్కడ గెర్ల తలుపులు అమ్మే బజారుంది. వరుసగా ఆనించి పెడతారు. ఒక్క వరసలో మూడొందలు. మంచిగా రంగులేసి ఉంటాయి. కుక్కల్లేవు, మనుషుల్లేవు, ఒక్కటీ తెరుచుకోదు. పొద్దున్నే వెళ్తే పదిన్నరకి సేవ అయిపోద్ది."

"వాటెనక ఇళ్లు లేవు కదయ్యా!"

"ఇల్లుండాలని సర్క్యులర్లో ఎక్కడుంది?"

నిజమే, ఎక్కడా లేదు. క్రిస్మసుకు జెఫన్యాకు "ద్వారవీర" బిరుదిచ్చారు. ఏలీషాకు మొదటి హెచ్చరిక వచ్చింది, పదిహేను రోజులకు రెండోది. దానితోపాటు ఒక పార్సిలు. అందులో నల్లటి చేతిపట్టీ. మూడు కుదుపులను ఒక తలుపుగా లెక్కపెట్టి, దానంతటదే హైదరాబాదుకు చేరవేస్తుంది. సేవకుడు ఎక్కడ అడుగు పెట్టాడో కూడా చెబుతుందిట. "మానవ బలహీనతలకు అతీతమైన యంత్రము" అని చీటీలో ఉంది.

జనవరిలో ఒక శనివారం మధ్యాహ్నం ఏలీషా దుల్మా అవ్వ గెర్‌కు బయల్దేరాడు. ఆమె తలుపు తట్టి నెల దాటింది, కాబట్టి మళ్లీ లెక్కలోకి వస్తుంది. సగం దారిలో గాలి లేచింది. కొండ కనపడటం మానేసింది. తర్వాత తన చెయ్యే కనపడటం మానేసింది. అదృష్టం బాగుండి నారింజరంగు తలుపు నేరుగా వచ్చి అతని ముక్కుకు తగిలింది.

మూడుసార్లు తట్టాడు. ముప్ఫై సెకన్లు వేచి ఉన్నాడు. మళ్లీ తట్టాడు. లోపల పొయ్యి మండుతున్న వాసన తెలుస్తోంది. తలుపుకు గొళ్లెం లేదు, ఆ ఊళ్లో ఏ తలుపుకీ ఉండదు. తోస్తే చాలు. ఆ సంగతి ఏలీషాకు బాగా తెలుసు. కానీ చేతికి పట్టీ ఉంది, పేరుమీద రెండు హెచ్చరికలున్నాయి, సెంటర్లో ఫ్లెక్సీ ఉంది. అరిస్తే నిబంధన మూడు. లోపలికి వెళ్తే నిబంధన నాలుగు. చస్తే ఏ నిబంధనా అడ్డు రాదు. ఆ ఒక్క దారే సర్క్యులర్‌కు సమ్మతంగా కనిపించి, అతను తలుపుకు ఆనుకుని వణుకుతూ నిలబడ్డాడు. కాసేపటికి కేక వేద్దామని నిశ్చయించుకున్నాడు గానీ అప్పటికి దవడ మాట వినలేదు.

ముప్పావుగంట తర్వాత పిడకలకోసం దుల్మా అవ్వ తలుపు తీస్తే, నిలువుగా గడ్డకట్టిన దైవజనుడు గుమ్మంలో ఉన్నాడు. అతని వెనక అర్స్‌లాన్ గాలికి అడ్డంగా పడుకుని ఉంది. ఈ మనిషిని ఎప్పుడు లోపలికి తీసుకెళ్తారా అని అది కూడా ఎదురుచూస్తున్నట్టుంది.

"ఎంతసేపట్నించి ఉన్నావు?"

"త... తట్టాను."

"గాలనుకున్నాను. తలుపు తోసుకుని రావచ్చుగా?"

"మీరు పిల... పిలవలేదు."

దుల్మా అవ్వ అతన్ని కోటు పట్టుకుని లోపలికి లాగింది. పొయ్యి పక్కన కూర్చోబెట్టి, చేతులు రుద్ది, గొర్రెతోలు కప్పి, గిన్నె నోటికి ఆనించింది. ఉప్పు టీ. సర్క్యులర్ వచ్చినప్పట్నించీ ఏలీషా ముట్టని ఆ టీ ఒంట్లో ఎక్కడెక్కడికి వెళ్తోందో అతనికి తెలుస్తూనే ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ వల్ల అని చెప్పాడు.

గాలి రెండు రోజులు తగ్గలేదు. రెండో రోజు ఆమె ఎండబెట్టిన పెరుగు బిళ్లలు ముందు పెట్టి అడిగింది.

"ఇంతకీ నువ్వు ఏం చెబుదామని వచ్చావు మా దేశం?"

ఏలీషా నోరు తెరిచాడు. ఏడు సెకన్ల వాక్యం నాలుక చివరనే ఉంది. కానీ ఆమె దగ్గర రెండు రోజుల సమయం ఉంది, నిజంగా వినాలని కూడా ఉంది. అంత తీరిక ఉన్న మనిషికి "కరపత్రము చూడగలరు" అని చెప్పడానికి అతనికి నోరు రాలేదు. మిగతాదంతా ఏమైందో వెతుక్కున్నాడు. తలుపులు తప్ప ఏమీ దొరకలేదు.

"మర్చిపోయాను అవ్వా," అన్నాడు.

"పోనీలే. గుర్తొచ్చినప్పుడు చెబుదువుగాని. అందాకా ఆ పిడకలు లోపల పెట్టు."

పిడకలు పెట్టాడు. మంచుగడ్డలు కొట్టి నీళ్లు కాచాడు. సాయంత్రం గొర్రెలను లెక్కపెట్టి వచ్చి కూర్చున్నాక, ఎవరూ అడక్కుండానే మాట బయటికి వచ్చింది.

"మా నాన్న ఒంగోలు పెద్దాసుపత్రిలో పదకొండు రోజులున్నాడు. మా ఊరి సంఘంలో ఒకాయన, చెప్పులు కుట్టే శాంతయ్య గారని, రోజూ వచ్చి మంచం పక్కన కూర్చునేవాడు. మాకు చుట్టం కూడా కాదు. పెద్దగా ప్రార్థన చెయ్యడం కూడా రాదాయనకి. ఊరికే కూర్చునేవాడు. నాన్న పోయిన రోజు కూడా ఉన్నాడు. నేనూ ఎవరికైనా అట్లా ఉండాలనుకున్నాను. అందుకే ఈ పనిలోకి వచ్చాను."

దుల్మా అవ్వ గిన్నె నింపింది. "మరి ఆ మాట గుమ్మంలో నిలబడి ఎట్లా చెబుతావు?" అంది.

గాలి తగ్గాక ఏలీషా గదికి వెళ్లి, సామాను సర్దుకోవడం మొదలెట్టాడు. మూడో హెచ్చరిక కోసం ఫోన్ తెరిస్తే అందులో పూలగుత్తుల బొమ్మలున్నాయి.

"ప్రియ సహోదరా! గత శనివారము మీరు ఒక్కరే ఆరువేల నాలుగువందల పన్నెండు తలుపులు తట్టి సంఘ చరిత్రలో నూతనాధ్యాయమునకు తెర తీసితిరి. అది కూడా ఒకే స్థలమున నిలిచి!"

ఏలీషా చేతిపట్టీ వైపు చూశాడు. అతను వణికినంతసేపూ అది నమ్మకంగా లెక్కపెట్టింది. వెంటనే నిజం రాశాడు: తట్టింది ఒక్క తలుపేననీ, మిగతాదంతా వణుకేననీ. మర్నాడే జవాబు వచ్చింది: "మీ వినయము మమ్ములను కదిలించినది. దీనిని కూడా నమోదు చేసుకొంటిమి." ఆ నెల అతనికి "మహాద్వారవీర"తోపాటు వినయానికి ప్రశంసాపత్రం కూడా వచ్చింది. వేటపాలెంలో కొత్త ఫ్లెక్సీ లేచింది. ఈసారి రెండు గుర్రాలు.

ఆ వెనకే ఇంకో లేఖ. మీ సామర్థ్యమునకు తగినట్లు ఇకమీదట మీ లక్ష్యము వారానికి ఆరువేలు.

"ఆ పట్టీ ఊపితే లెక్కపెడుతుందా?" అని అడిగింది దుల్మా అవ్వ. ఏలీషా ఇప్పుడు రోజూ వస్తున్నాడు. దూరంనుంచే కేక వేసి, గడప తొక్కకుండా లోపలికి నడుస్తున్నాడు.

"ఏది ఊగినా లెక్కపెడుతుంది."

ఆమె తలుపు సందులోంచి అర్స్‌లాన్ తోక వైపు చూసింది.

ఏలీషా రెండు రోజులు మనస్సాక్షితో పోరాడాడు. మూడో రోజు మనస్సాక్షికి చలేసింది. పట్టీ కుక్క తోకకు సరిగ్గా సరిపోయింది. ఎముక చూపిస్తే గంటకు రెండువేల తలుపులు. ఏలీషా వస్తున్నట్టు పసిగడితే ఇంకో అయిదొందలు. కార్యాలయం గ్రాఫుకు కాగితం చాలక అతికించుకున్నారని జెఫన్యా చెప్పాడు. అతని గొంతులో అసూయ ఉంది. తనను ఒక కుక్క దాటిపోయిందని అతనికి తెలియదు.

ఏప్రిల్లో ఆశీర్వాదం అయ్యగారు స్వయంగా వచ్చారు, ప్రపంచంలోకెల్లా ఫలవంతమైన క్షేత్రాన్ని కళ్లారా చూడటానికి. హైదరాబాదులో ఎండలు మండుతున్నాయి గనక పల్చటి సఫారీ సూటులో వచ్చారు. మర్నాడు వస్తానని కబురు చేసి, ఆకస్మిక తనిఖీ కావాలని ఆ రోజే దిగారు. ఏలీషా పట్టీ చూపిస్తున్న చోటు వెతుక్కుంటూ వచ్చిన అద్దె జీపు ఆయన్ని వాలు కింద దింపి వెళ్లిపోయింది. మంచు పడుతోంది.

గెర్‌లో ఏలీషా టీలో పెరుగుబిళ్ల నానబెట్టుకుంటున్నాడు. తలుపు మీద మూడు దెబ్బలు వినిపించాయి. తర్వాత ముప్ఫై సెకన్ల నిశ్శబ్దం. తర్వాత మళ్లీ మూడు.

"గాలా?" అంది దుల్మా అవ్వ.

"కాదవ్వా. అది సర్క్యులర్," అన్నాడు ఏలీషా. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, కూర్చునే ఉందామా అనిపించింది అతనికి. అలా అనిపించినందుకు తర్వాత ప్రార్థనలో క్షమాపణ అడుక్కున్నాడు. లేచి వెళ్లి తలుపు తీశాడు.

"వంద... వందనాలు బ్రదర్ ఏలీషా," అన్నారు అయ్యగారు నీలం పెదవులతో. "ఎవరూ... పిలవలేదు."

"వందనాలు అయ్యగారూ. ఇక్కడ పిలవరండి. రండి, గడప తొక్కకండి."

లోపలికి రాగానే అయ్యగారు మొట్టమొదట తన చేతికీ కట్టుకున్న అలాంటి పట్టీనే చూసుకున్నారు. నాలుగువందల ముప్ఫై. మొహం వికసించింది. అప్పుడే తలుపు తోసుకుని అర్స్‌లాన్ లోపలికి వచ్చి, కొత్త మనిషిని చూసిన సంతోషంతో ఒళ్లంతా ఊపింది. నల్లటి పట్టీ తోకమీద టిక్కుటిక్కుమంది. అయ్యగారు దాన్ని చూశారు, ఏలీషాను చూశారు, మళ్లీ దాన్ని చూశారు.

"తప్పేనండి," అన్నాడు ఏలీషా. "నన్ను పంపించెయ్యండి. సామాను సర్దే ఉంది."

అయ్యగారు నీరసంగా, "వార్షిక నివేదిక అచ్చయిపోయింది బ్రదర్," అన్నారు. "కవరు మీద నీ బొమ్మే. ఇప్పుడు నిన్ను పంపితే కుక్కను కూడా వివరించవలసి వస్తుంది."

దుల్మా అవ్వ రెండు చేతులతో గిన్నె అందించింది. ఆయన తాగుతుంటే ఏలీషాతో అంది: "మీ పెద్దాయన్ని అడుగు. ఏం చెబుదామని వచ్చారు ఇంత దూరం?"

ఏలీషా తెలుగులో అడిగాడు. అయ్యగారు నోరు తెరిచారు. ముప్ఫై ఏళ్లు వేదికలమీద మాట్లాడిన మనిషి. ఒకసారి పొయ్యి వైపు, ఒకసారి చేతిపట్టీ వైపు చూసి, నోరు మూసుకున్నారు.

"తాగండి అయ్యగారూ," అన్నాడు ఏలీషా. "తొందరేం లేదు. కాసేపు కూర్చుంటే నాకూ గుర్తొచ్చింది."

అయ్యగారు మూడు రోజులు కూర్చున్నారు. పిడకలు మోశారు. ఒకసారి, ఎవరూ చూడటం లేదనుకుని, గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని ఏడ్చారు కూడా. వెళ్లేటప్పుడు పట్టీ విప్పి జేబులో వేసుకుని, ఏలీషా రెండు చేతులూ పట్టుకున్నారు. "నా కళ్లు తెరిపించావు తమ్ముడూ. కార్యాలయంలో అన్నీ మార్చేస్తాను," అన్నారు. ఆ మాటలో ఆవగింజంత అబద్ధం లేదు. ఏలీషా ఆ రాత్రి కంటినిండా నిద్రపోయాడు.

నెల తిరక్కుండా సర్క్యులర్ నంబరు యాభై ఎనిమిది వచ్చింది. ఏలీషా దాన్ని గెర్‌లో పొయ్యి పక్కన కూర్చుని, దుల్మా అవ్వ కోసం మాట మాటా ఆమె భాషలో చెబుతూ చదివాడు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, తలుపు తట్టు పద్ధతి రద్దు చేయబడినది. ఇకమీదట సేవకు ప్రమాణము టీ గిన్నె. ప్రతి సేవకుడు ఇంటింట కూర్చుండి వారానికి నూట యాభై గిన్నెలు తాగవలెను. గిన్నెలను గణించు యంత్రము ప్రత్యేకముగా పంపబడుచున్నది. దానిని గొంతుకు ధరింపవలెను."

దుల్మా అవ్వ గొంతు సవరించుకుని, తలుపు బయట పడుకున్న అర్స్‌లాన్ వైపు విచారంగా చూసింది.

"ఈసారి అది పనికిరాదు నాయనా," అంది. "టీ ముట్టదు."